సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా..? స్పార్క్ ప్లగ్ తీసి చూస్తే పాత ఓనర్ చెప్పని కథ తెలుస్తుంది.. గేర్ ఆయిల్ దగ్గర మాత్రం ఈ పొరపాటు చేయొద్దు!

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అందరూ చూసేది పెయింట్, టైర్లు, మీటర్‌లో కిలోమీటర్లు. పెయింట్ కొత్తగా కొట్టించొచ్చు, మీటర్ వెనక్కి తిప్పించొచ్చు. కానీ ఇంజిన్‌లో ఉండే స్పార్క్ ప్లగ్‌లను, గేర్‌బాక్స్‌లోని ఆయిల్‌ను అమ్మేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. అందుకే కారు అసలు పరిస్థితి చాలాసార్లు ఈ రెండు చోట్లే బయటపడుతుంది. ప్లగ్‌లు మార్చడం చాలా కార్లకు ఇంటి దగ్గరే ఓ గంటలో అయ్యే పని. గేర్ ఆయిల్ మాత్రం అలా కాదు.. కొన్ని కార్లకు చేసుకోవచ్చు, కొన్నింటికి చేయి పెట్టకపోవడమే మంచిది.

ముందుగా ప్లగ్‌ల సంగతి. డీజిల్ కారుకు స్పార్క్ ప్లగ్‌లే ఉండవు, కాబట్టి ఇది పెట్రోల్, సీఎన్‌జీ కార్ల వాళ్లకే. ఆల్టో, క్విడ్, టియాగో లాంటి మూడు సిలిండర్ల కార్లకు మూడు, పాత స్విఫ్ట్ పెట్రోల్ లాంటి వాటికి నాలుగు ప్లగ్‌లు. పాత హోండా సిటీ జెడ్‌ఎక్స్ ఐ-డీఎస్ఐ కొన్నవాళ్లు మాత్రం ఎనిమిది కొనాలి. అందులో ఒక్కో సిలిండర్‌కు రెండేసి ప్లగ్‌లు! మామూలు నికెల్ ప్లగ్‌లు 20 వేల నుంచి 40 వేల కిలోమీటర్ల దాకా, ఇరిడియం అయితే దాదాపు లక్ష దాకా వస్తాయి. కచ్చితమైన లెక్క కారు మాన్యువల్‌లో ఉంటుంది. పాత సర్వీస్ బిల్లుల్లో ప్లగ్‌లు మార్చినట్టు ఎక్కడా కనిపించకపోతే, మార్చలేదనే అనుకోవడం మంచిది.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద అల్యూమినియం హెడ్ నుంచి ప్లగ్ తీస్తే త్రెడ్లు ఊడొచ్చే ప్రమాదం ఉంది. కాయిల్ కనెక్టర్ తీసి, బోల్ట్ విప్పి, కాయిల్‌ను నిటారుగా పైకి లాగాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ప్లగ్ కూర్చునే గుంతలో మట్టి, ఇసుక పేరుకుని ఉంటాయి. గాలితో ఊది శుభ్రం చేయకుండా ప్లగ్ విప్పితే అదంతా నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ఆ గుంతలో ఇంజిన్ ఆయిల్ కనిపించిందా..? ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ లీకవుతోందని అర్థం. ప్లగ్‌లు మార్చి వదిలేస్తే సరిపోదు, ప్యాకింగ్ కూడా మార్పించాలి.

తీసిన ప్లగ్‌లను కలిపేయకుండా ఏ సిలిండర్‌వి ఆ వరుసలోనే పెట్టాలి. అసలు కథ ఇక్కడే ఉంది. కొన లేత గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటే ఇంజిన్ బాగానే మండుతున్నట్టు. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది.. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాగే అవుతుంది, కాబట్టి ముందు దాన్ని చూడాలి. తడిగా, జిగటగా నల్లటి ఆయిల్ పట్టి ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే. పిస్టన్ రింగులో, వాల్వ్ సీల్సో అరిగి ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్న అనుమానం బలపడుతుంది. కొన తెల్లగా మారి బొబ్బలెక్కితే ఇంజిన్ అతిగా వేడెక్కిన గుర్తు. మూడు ప్లగ్‌లు ఒకలా ఉండి నాలుగోది మాత్రం వేరేగా ఉంటే సమస్య ఆ ఒక్క సిలిండర్‌లోనే ఉంది.

ఈ పరీక్ష కారు కొన్నాక కాదు, అడ్వాన్స్ ఇవ్వకముందు చేస్తే ఇంకా మంచిది. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే చాలా కార్లకు కాసేపటి పనే. ప్లగ్ తీయడానికి అమ్మేవాళ్లు ససేమిరా అంటే, ఎందుకు ఒప్పుకోవట్లేదో ఆలోచించుకోవాలి.

కొత్త ప్లగ్‌ను ముందు చేత్తోనే తిప్పాలి, పానా పెట్టకూడదు. లోతైన గుంత అయితే ప్లగ్ వెనకభాగానికి చిన్న రబ్బర్ ట్యూబ్ తొడిగి తిప్పితే, త్రెడ్ అడ్డంగా పట్టినప్పుడు ట్యూబే జారిపోతుంది, హెడ్ పాడవదు. చేత్తో పూర్తిగా బిగుసుకున్నాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్ అయితే పానాతో సగం నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో ఉన్న అంకె పెట్టుకోవాలి. 14 మిల్లీమీటర్ల త్రెడ్ ప్లగ్‌కు, అల్యూమినియం హెడ్‌లో, మామూలుగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. బలమంతా పెట్టి బిగించి త్రెడ్ పోగొట్టుకుంటే, వందల్లో అయ్యే పని వేలల్లోకి వెళ్తుంది. సీఎన్‌జీ కారుకు గ్యాస్‌ను మండించడానికి ఎక్కువ ఓల్టేజ్ కావాలి, ప్లగ్‌లు త్వరగా అరుగుతాయి. క్యాబ్‌గా తిరిగిన కారు కొన్నవాళ్లు దీన్ని అస్సలు వాయిదా వేయొద్దు.

ప్లగ్ అరిగి గ్యాప్ పెరిగేకొద్దీ కాయిల్ మీద భారం పెరుగుతుంది, చివరికి అదీ పోతుంది. చెక్ ఇంజిన్ లైట్ ఆగి ఆగి మెరుస్తుంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉన్నట్టు. అలాగే నడిపితే కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఓబీడీ రీడర్‌లో పీ0301 అని వస్తే ఒకటో సిలిండర్ మిస్ అవుతోంది. ఆ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చి చూడండి. కోడ్ పీ0302గా మారిందంటే తప్పు కాయిల్‌ది. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి.

ఇక గేర్ ఆయిల్. మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. కారు సమతలంగా నిలబడాలి, కింద జాకీ స్టాండ్లు ఉండాలి. ఒక్క జాకీనే నమ్ముకుని కారు కిందకు దూరడం ప్రాణాలతో చెలగాటమే. ఇక అతి ముఖ్యమైన విషయం.. ముందు విప్పాల్సింది పైనున్న ఫిల్లర్ బోల్ట్, కిందున్న డ్రెయిన్ బోల్ట్ కాదు. ఆయిల్ అంతా దింపేశాక ఫిల్లర్ తుప్పు పట్టి రాకపోతే, కారు కదలకుండా అక్కడే ఉండిపోతుంది! డ్రెయిన్ బోల్ట్‌కు అయస్కాంతం ఉంటే దాన్ని తుడిచి చూడాలి. మెత్తటి బూడిద రంగు పేస్ట్ మామూలే. ఇనుప ముక్కలు కనిపిస్తే గేర్‌బాక్స్ లోపల ఏదో విరుగుతోంది.

డబ్బా మీద అక్షరాలు కూడా చదవాలి. జీఎల్-4 వేయాల్సిన చోట జీఎల్-5 పోస్తే, అందులోని గంధకపు రసాయనాలు గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులను తినేసే అవకాశం ఉంది. ‘నంబర్ పెద్దది కాబట్టి మంచిది’ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. చాలా గేర్‌బాక్స్‌లలో ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచుదాకా వస్తే నిండినట్టే.

ఆటోమేటిక్ అయితే కథ వేరు. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్ట్, పుల్లీలు దెబ్బతింటాయి. ఒకే కంపెనీలోనూ తేడాలుంటాయి. హోండా పాత సీవీటీలకు హెచ్ఎంఎంఎఫ్, కొత్తవాటికి హెచ్‌సీఎఫ్-2. ఒకదాని బదులు ఒకటి వాడకూడదు. పైగా చాలా ఆటోమేటిక్‌లకు డిప్‌స్టిక్ ఉండదు. ఫ్లూయిడ్ నిర్ణీత వేడికి వచ్చాక స్కానర్ పెట్టి లెవెల్ చూడాలి. ఇంటి దగ్గర అంచనాతో పోస్తే తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే. టార్క్ కన్వర్టర్ ఉన్నవాటిలో ఒకసారి దింపితే పాతదంతా బయటికి రాదు, కొంత లోపలే ఉండిపోతుంది.

‘లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్, మార్చక్కర్లేదు’ అని అమ్మేవాళ్లు చెబితే నమ్మేయొద్దు. వేడికి ఏ ఫ్లూయిడ్ అయినా పాడవుతుంది. ఎర్రగా ఉండాల్సిన ఏటీఎఫ్ ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తూ, గేర్ జారుతుంటే లోపలి క్లచ్‌లు అప్పటికే అరిగాయన్నమాట. కొత్త ఫ్లూయిడ్ వాటిని బాగు చేయలేదు. అలాంటి కారుకు మీరు ఇస్తామన్న ధరలోంచి గేర్‌బాక్స్ రిపేర్ ఖర్చు తీసేసి మాట్లాడండి, లేదంటే ఇంకో కారు చూసుకోండి.

దింపిన పాత ఆయిల్‌ను మాత్రం డ్రైనేజీలో పోయకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కిందకే వస్తుంది. ఖాళీ డబ్బాలో నింపి, పాత ఆయిల్ సేకరించే వర్క్‌షాప్‌లో ఇవ్వొచ్చు.