జెద్దాకు మూడున్నర గంటలా, ఆరు గంటలా?

ఉమ్రా టికెట్ చేతికి రాగానే మన ఇళ్లలో మొదలయ్యే లెక్క ఇది. హైదరాబాద్‌లో ఉదయం 4 గంటలకు బయల్దేరితే జెద్దాలో 7:30కి దిగుతారని టికెట్ మీద ఉంటుంది. అంటే మూడున్నర గంటలేనా? తిరుగు టికెట్ చూస్తే రాత్రి 10:30కి బయల్దేరి ఉదయం 6:15కి హైదరాబాద్. ఇదేమో దాదాపు ఎనిమిది గంటలు! మా ఖాలా టికెట్ చూసి మామూ అన్నమాట, "వచ్చేటప్పుడు విమానం ఎక్కడో ఆగుతుందేమో, అడిగి చూడు."

ఎక్కడా ఆగదు. టికెట్ మీద వేసే టైము ఏ ఊరిది ఆ ఊరి టైమే. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. వెళ్లేటప్పుడు ఆ రెండున్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అప్పుడు వెళ్లడానికి ఆరు గంటలు, రావడానికి ఐదుంబావు.

మరి ఆ ముప్పావు గంట తేడా ఎందుకు? దూరం రెండు వైపులా ఒకటే, సుమారు 4,130 కిలోమీటర్లు. తేడా అంతా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ గట్టిగా. వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

దుబాయ్ మీదుగా వెళ్లే టికెట్ తీసుకుంటే దూరం పెద్దగా పెరగదు, వంద కిలోమీటర్ల పైచిలుకు అంతే. పెరిగేది అక్కడ కూర్చునే టైము. టికెట్ చవకగా ఉందని తొమ్మిది, పది గంటలు ఆగే ప్రయాణం బుక్ చేస్తారు. కుర్రాళ్లకు సరే, మోకాళ్ల నొప్పులున్న అమ్మీ అబ్బాలకు అది తగదని నా అభిప్రాయం.

అసలు చూడాల్సింది ఇంటి గుమ్మం నుంచి హోటల్ గది దాకా లెక్క. కర్నూలు నుంచి శంషాబాద్‌కు నాలుగు గంటలు, ఫ్లైట్‌కు మూడు గంటల ముందు చేరాలి, ఆరు గంటల ఫ్లైట్, జెద్దాలో ఇమిగ్రేషన్, సామాను, తర్వాత మక్కాకు ఇంకో 80, 90 కిలోమీటర్ల బస్సు. పదహారు గంటలు ఎటూ పోవు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ పెద్ద సూట్‌కేసులో పడేస్తే ఇంతసేపూ చేతికి అందవు. చేతి బ్యాగులోనే పెట్టండి, చీటీతో సహా. ఏ టైముకు వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడగండి, ఎందుకంటే ఆ రోజు మనకు రెండున్నర గంటలు పొడుగు.

ఇహ్రామ్ సంగతి కూడా ఇక్కడే. మీఖాత్ జెద్దాలో దిగకముందే గాల్లో దాటిపోతుంది. అందుకే చాలామంది ఇంటి దగ్గరో, శంషాబాద్‌లోనో ఇహ్రామ్ వస్త్రాలు కట్టుకుని, విమానంలో ప్రకటన రాగానే నియ్యత్ చేసుకుంటారు. సామానులో ఇహ్రామ్ ఉంచేసి ఎక్కితే ఇబ్బందే.

ఇంకోటి, తేదీ. 15వ తేదీ 00:40 అని ఉంటే 14 రాత్రి ఇషా చదువుకుని ఇంట్లోంచి బయల్దేరాలి. 15 రాత్రి అనుకుంటే విమానం ముందురోజే వెళ్లిపోయి ఉంటుంది.

తీసుకురావడానికి వెళ్లేవాళ్లు 6:15 అంటే 6:15కే గేటు దగ్గర నిలబడనక్కర్లేదు. ఇమిగ్రేషన్, సామాను, జమ్‌జమ్ డబ్బా అన్నీ అయ్యి బయటికి వచ్చేసరికి గంట పడుతుంది. మా మామూ మాత్రం నాలుగింటికే వెళ్లి కూర్చున్నాడు.