తీగ యెవరిది?



2000 సంవత్సరమున నేను కడప జిల్లాలోని యొక చిన్న గ్రామమున తెలుగు పండితుడుగా పనిచేయుచుంటిని. ఆ యేడు కరెంటు చార్జీలు పెరిగినవి. సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఊరివారు బిల్లులు చేతబట్టుకొని నాకడకు వచ్చి చదివించుకొనెడివారు. వారిలో డెబ్బదియేండ్ల సేద్యగాడొకడు తన బిల్లును రెండుమాఱులు చదివించుకొని, "అయ్యవారూ! నిన్న మొన్నటిదాకా ఈ తీగ బోర్డుదంటిరి. ఇప్పుడు బోర్డే లేదంటున్నారు. మఱి ఈ తీగ యెవరిది సామీ?" అని యడిగెను. అమరకోశము కంఠస్థమైన నాకు ఆ ప్రశ్నకు బదులు తోచలేదు. ఆ వృద్ధుడు ఇప్పుడు లేడు. ఉద్యోగవిరమణానంతరము తీరిక దొరకగా చదివి తెలిసికొన్నదానిని నేడు మీకు మనవి చేయుచున్నాను.

మొదట పూర్వకథ కొంత చెప్పవలయును. తెల్లదొరల కాలమున 1910 నాటి చట్టము ప్రకారము లైసెన్సు పొందిన కంపెనీలు పట్టణములందే దీపములు పెట్టినవి. పల్లెకు తీగ లాగినచో స్తంభముల వెలయైనను రాదు. గావున వారు లాగలేదు. అది వారి దోషమని నేననను. లాభము చూచుకొనుట వర్తకునకు సహజమే. ప్రభుత్వములు పూనుకొన్నచోట పెద్ద పనులు జరిగినవి. మైసూరు సంస్థానము 1902లో శివసముద్రమువద్ద కావేరీజలముతో కరెంటు పుట్టించి కోలారు బంగారు గనులకు పంపెను. మదరాసు ప్రభుత్వము 1932లో నీలగిరులలో పైకారా కేంద్రమును నడపనారంభించెను. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడే, అనగా 1948లో, విద్యుత్ సరఫరా చట్టము వెలువడినది. రాష్ట్రమునకొక ప్రభుత్వ బోర్డు ఉండవలెననియు, తీగ లేని చోట్లకు తీగ వేయుట దాని విధియనియు ఆ చట్టముయొక్క తాత్పర్యము. ఆంధ్ర, ఒరిస్సా ప్రభుత్వములు కలిసి కట్టిన మాచ్‌ఖండ్ కేంద్రము 1955లో పనిచేయసాగినది. మన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడినది.

నేను ఐదవ తరగతి చదువుచుండగా మా యూరికి తీగ వచ్చెను. రామాలయము ముందఱ మొదటి దీపము వెలిగిననాడు మా అవ్వ దానికి దండము పెట్టినది. తీగ ఇట్లు పల్లెకు చేరినది బోర్డు మూలముననే. ఏ వర్తకుడును మా యూరి నలువది గడపల కొఱకు అడవిలో స్తంభములు పాతియుండడు.

ఇక తీగయొక్క స్వభావమును గమనింపుడు. బజారులో ఒక అంగడివాడు ధర హెచ్చించినచో ప్రక్క అంగడికి పోవచ్చును. ఇంటికి వచ్చు తీగ యొక్కటే. దాని ప్రక్కన రెండవ తీగ వేయుట వృథావ్యయము. కావున తీగ ఎవరి చేతనుండునో వాని మాటయే చెల్లును. మన చెఱువునే తలచుకొనుడు. తూము దగ్గఱి మడికి నీరు పారించుట సులువు. ఆయకట్టు చివరి మడికి పారించుట కష్టము. నీరుగంటి ఊరందఱి మనిషి గనుక చివరి మడియు తడియుచున్నది. తూము దగ్గఱి నాలుగు మళ్ల ఆసామియే తూమును కొనుక్కొన్నచో చివరి మడి గతి యేమి?

కరెంటునకు తూము దగ్గఱి మళ్లు ఏవనగా పట్టణపు దుకాణములు, కార్ఖానాలు. ఒక్కచోటనే విస్తారముగా వాడుదురు, నెలనెలా చెల్లింతురు. వారివద్ద యూనిట్టునకు హెచ్చు ధర పుచ్చుకొని, పేదయింటి దీపమునకును పొలములోని మోటారునకును తక్కువ ధరకు ఇచ్చుచున్నారు. పైన చాలని దానిని ప్రభుత్వము సబ్సిడీగా భరించుచున్నది. ఇందులో నుండి పట్టణపు ఖాతాదారులను మాత్రము వేఱొక కంపెనీ ఏరుకొని పోయినచో, అడవిదారి తీగలు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు, పల్లెలు మాత్రమే ప్రభుత్వపు చేత మిగులును. 2022 ఆగస్టు 8వ తేదీన లోక్‌సభలో ప్రవేశపెట్టిన విద్యుత్ సవరణ బిల్లు, ఒకే ప్రాంతమున ఒకే తీగపై పలు కంపెనీలు అమ్మకము చేయుటకు దారి తీయుచుండెను. ఉద్యోగులును రైతులును భయపడినది ఇందుకే. ఆ బిల్లు స్థాయీ సంఘమునకు పంపబడి, 2024లో ఆ లోక్‌సభతోడనే మురిగిపోయినది.

మన రాష్ట్రమున జరిగినది దానికి చాల ముందఱి కథ. 1998లో విద్యుత్ సంస్కరణ చట్టము చేయబడెను. ప్రపంచ బ్యాంకు అప్పు దానికి తోడైనది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండు ముక్కలై, ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో ఏర్పడినవి. 2000లో పంపిణీ వేఱుపడి విశాఖపట్టణము, హైదరాబాదు, వరంగల్లు, తిరుపతి కేంద్రములుగా నాలుగు కంపెనీలైనవి. వాటిని క్రమముగా ప్రైవేటు చేతులకు అప్పగింపవలెననుట ఆ సంస్కరణ ప్రణాళికలోని భాగము. చార్జీలు పెరుగుటతో ప్రజలు మేల్కొనిరి. వామపక్షములు, ప్రతిపక్షమగు కాంగ్రెసు, రైతు సంఘములు వీధులకెక్కినవి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగువద్ద, శాసనసభకు పోవుచున్న ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపిరి. ముగ్గురు మరణించిరి. మా యూరినుండి ఇద్దరు పోయిరి. నేను పోలేదు, ప్రభుత్వోద్యోగిని, ఇంట పెండ్లికెదిగిన కూతురు. వారు మఱునాడు రాత్రి తిరిగి వచ్చువఱకు ఇద్దరి ఇండ్ల ముంగిట కూర్చుండి నేను పలికిన ధైర్యవచనములు నాకే వినసొంపుగా లేకుండెను.

పెంచిన చార్జీ ఆనాడే దిగిరాలేదు. ఐనను పంపిణీ కంపెనీల అమ్మకము జరుగలేదు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. రాష్ట్రము రెండైన పిమ్మటను ఆ కంపెనీలు ఆయా ప్రభుత్వముల చేతనే యున్నవి. అంతయు ఆ ఊరేగింపు ఫలమేయని నేను ప్రమాణము చేయను; కాని, పిమ్మట ఏ ప్రభుత్వమైనను తీగను అమ్మ తలపెట్టినచో బషీర్‌బాగును తలచుకొనక తప్పదు.

అమ్మిన చోట ఏమైనదో చూతము. పొరుగున ఒడిశాలో 1999లో పంపిణీని ప్రైవేటు కంపెనీల కిచ్చిరి. భువనేశ్వరము, కటకము గల మధ్యభాగమును అమెరికా కంపెనీయగు ఏ.ఇ.ఎస్. తీసికొనెను. అక్టోబరు 29న మహాతుపాను వచ్చి స్తంభములను గడ్డిపరకలవలె పడవైచినది. రాబడి చాలక, ప్రభుత్వముతో లెక్కలు తెగక, 2001లో ఆ కంపెనీ విడిచిపోయినది. చీకటి మాత్రము ఆ యూళ్లవారిదే. తక్కిన మూడు భాగముల లైసెన్సులను 2015లో నియంత్రణ మండలి రద్దుచేసినది. ఇప్పుడచట 2020, 2021 సంవత్సరములనుండి టాటా కంపెనీ నూటికి 51 వంతులతో నడుపుచున్నది. తక్కిన 49 వంతులు ప్రభుత్వ సంస్థవి. విశాఖపట్టణమున 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను అట్లే విరుచుకుపడగా, మన ప్రభుత్వ సంస్థ ఇతర జిల్లాలనుండి, పొరుగు రాష్ట్రములనుండి మనుషులను రప్పించి స్తంభములు నిలబెట్టినది. విడిచిపోవుటకు దానికి వేఱొక దేశము లేదు గదా!

ఎదుటిపక్షమువారి మాటయు చెప్పవలయును. 2002లో ఢిల్లీలో పంపిణీ ప్రైవేటు భాగస్వాములకు పోయినది. అంతకుముందు సగమువఱకు నష్టమగుచుండిన కరెంటు, ఇప్పుడు నూటికి పదిలోపు మాత్రమే పోవుచున్నది. ఇది మెచ్చదగినదే. ఐతే అది ఇల్లు ఇల్లు తాకియుండు నగరము. మన బోరుమోటార్లు, మన కొండదారులు అచట లేవు.

మన సంస్థలు నిర్దుష్టములని నేను చెప్పుటలేదు. ప్రభుత్వము ఇయ్యవలసిన సబ్సిడీ సకాలమున చేరక అవి అప్పులలో మునుగుచున్నవి. ముందుగా చెల్లింపవలెనని 2003 నాటి చట్టములోని 65వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. మా పొలముల వద్ద ట్రాన్స్‌ఫార్మరు కాలిపోగా ఒక వేసవిలో పదునెనిమిది దినములు తిరిగితిమి. ఒక కార్యాలయమువారు మఱియొక కార్యాలయమును చూపిరి. చీనీచెట్లు వాడిపోయినవి. కొందఱు రైతులు విసిగి, "ఎవనికైనా అమ్మనీ, పని జరిగితే చాలు" అనిరి. ప్రజల ఆస్తిని ప్రజలే రోసి విడుచునట్లు చేయుట కంటె దానికి వేఱొక శత్రువు అక్కఱలేదు.

కనుక ఊరేగింపులతో పాటు చేయవలసిన చిన్న పని యొకటి కలదు. ఏటేట పంపిణీ సంస్థలు రాబోవు సంవత్సరపు ఖర్చులను, చార్జీలను వ్రాసి విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించును. సాధారణముగా నవంబరు మాసాంతమున. పత్రికలలో ప్రకటన వచ్చును. ఎవరైనను అభ్యంతరము వ్రాసి పంపవచ్చును. చట్టములోని 64వ సెక్షను ప్రకారము మండలి వాటిని ఆలోచించిన పిమ్మటనే ధర నిర్ణయింపవలయును. బహిరంగ విచారణలో నిలిచి మాట్లాడవచ్చును. సేవాలోపములకు ప్రత్యేకముగా ఫిర్యాదుల పరిష్కార వేదిక యున్నది, దానిపైన అంబుడ్స్‌మన్ కలడు.

గత సంవత్సరము మా యూరి పెద్దలు పదునలువురము సంతకములు చేసి పంపితిమి. ట్రాన్స్‌ఫార్మరు మాట, సబ్సిడీ బకాయిల మాట, తీగను అమ్మరాదను మాట మూడును తెలుగులోనే వ్రాసితిని. సంస్థవారు వ్రాతమూలముగా బదులిచ్చిరి. విచారణనాడు నా వంతు రాగా నాలుగు నిమిషములు మాట్లాడితిని. ఎదుట కూర్చున్న అధికారి మా యూరి పేరు అడిగి వ్రాసికొనెను. ట్రాన్స్‌ఫార్మరు ఇంకను రాలేదు. ఈ నవంబరులో మఱల వ్రాయుదుము; ఈసారి సంతకములు అఱువది దాటినవి.