చల్లగా చూస్తేనే సాలమాండర్!

మే నెల మధ్యాహ్నం అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో అపార్ట్‌మెంటు పైఅంతస్తులో కుళాయి తిప్పి చూడండి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేతికి చుర్రుమంటాయి. ఇంట్లో సాలమాండర్‌ని పెంచాలని ముచ్చటపడేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఈ వేడి గురించే!

చూడ్డానికి బల్లిలా ఉన్నా సాలమాండర్ కప్పల బంధువు. వీటిలో ఆక్సోలాటల్‌కి అభిమానులెక్కువ. తలకి రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు, నవ్వుతున్నట్టుండే మూతి... పిల్లలకు భలే నచ్చుతుంది. పుట్టిల్లు మెక్సికోలోని సోచిమిల్కో. నీళ్లు 16 నుంచి 18 డిగ్రీలుంటే దానికి హాయి. 24 దాటితే తిండి మానేస్తుంది, జబ్బు పడుతుంది. ఫ్యాను గాలి కొంతవరకే. మన ఎండలకు నీటిని చల్లబరిచే చిల్లర్ ఉండాల్సిందే. మరి కరెంటు పోతే? ఆ ఏర్పాటూ ముందే చూసుకోవాలి.

తోక కొస చుట్టుకుపోయినా, మొప్పలు ముందుకు వంగినా అది ఇబ్బంది పడుతోందని గుర్తు. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టాకే తొట్టిలో పోయాలి. గులకరాళ్లు వేయొద్దు, మింగేస్తుంది. ముద్దొస్తోందని చేత్తో పట్టుకోవడమూ వద్దు. వెలుతురు తక్కువగా, దాక్కోవడానికి అడ్డంగా పెట్టిన ఓ మట్టికుండ ఉంటే చాలు.

2024లో వచ్చిన నిబంధనల ప్రకారం దీన్ని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మన దేశపు హిమాలయ సాలమాండర్‌నైతే అసలు పెంచకూడదు, చట్టం ఒప్పుకోదు.

ఆక్సోలాటల్ పది పదిహేనేళ్లు బతుకుతుంది. పదో తరగతిలో తెచ్చుకున్న పిల్లాడు ఉద్యోగంలో చేరినా ఇంట్లో చిల్లర్ తిరుగుతూనే ఉంటుంది... కరెంటు బిల్లు నాన్న కడుతూనే ఉంటాడు!