రొయ్యకు కార్బన్ సుంకం లేదు, కాగితం మాత్రం తప్పదు

ఐరోపా కూటమి కార్బన్ సరిహద్దు సుంకం బాధ్యత 2026 జనవరి 1 నుంచి అక్కడి దిగుమతిదారులపై పడింది. పాలకాయతిప్ప, కోడూరు ప్రాంతాల రొయ్యల రైతులకు దీనితో నేరుగా పని లేదు. ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు - సుంకం వీటికే. రొయ్య గాని, చేప గాని, బియ్యం గాని జాబితాలో లేవు.

అయినా ఇది నడిచే తీరు తెలుసుకోదగినది. ఇది మన ఎగుమతిదారు రేవులో కట్టే సుంకం కాదు. సరకు తయారీలో ఎంత కర్బనవాయువు వెలువడినదో దిగుమతిదారు లెక్క చూపి, అందుకు తగిన సర్టిఫికెట్లు కొని అప్పగించాలి. 2023 అక్టోబరు నుంచి 2025 ఆఖరు దాకా మూడు నెలలకొక నివేదిక ఇస్తే సరిపోయేది. 2026 దిగుమతుల లెక్కకు గడువు 2027 సెప్టెంబరు 30. భారం కొద్దిగా మొదలై 2034 నాటికి పూర్తిస్థాయికి చేరుతుంది.

లెక్క చెప్పవలసినది దిగుమతిదారే, కాని ఆ లెక్క వున్నది మన ఫ్యాక్టరీలో. బ్లాస్ట్ ఫర్నేసు మార్గంలో తీసే ఉక్కుకు టన్నుకు సుమారు రెండు టన్నుల కర్బనవాయువు వెలువడుతుంది. మిల్లు తన అసలు అంకె ఇవ్వకపోతే ఐరోపా నిర్ణయించిన అంకె వేసి, పైన కొంత శాతం కలుపుతారు. మిల్లు ఎంత పొదుపుగా నడిచినా సరే. ఆ తేడాను కొనేవాడు తన జేబు నుంచి పెట్టుకోడు, బేరంలో తగ్గిస్తాడు.

దివిసీమకు ఈ పద్ధతి కొత్త కాదు. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారైన అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి ఇటువంటి నివేదికనే అడగసాగింది. ఏ జాతి రొయ్య, ఎవరి చెరువులో ఎప్పుడు పట్టినది, తూకమెంత, మొదట ఎవరికి అప్పగించినది - ఇవన్నీ దిగుమతిదారు తెలపాలి, కాగితాలు రెండేళ్లు దాచాలి. కర్బనం ఊసు అందులో లేదు. దారి మాత్రం ఒకటే: అడిగేది అక్కడి ప్రభుత్వం, జవాబు రావలసినది ఇక్కడి చెరువు గట్టు నుంచి.

చిక్కంతా పట్టుబడి రోజునే. రెండు మూడు చెరువుల సరకు ఒకే లారీకి ఎత్తి, కౌంటు చూసి, ఐసు చూసి, చెరువు నంబరు రాయకపోతే ఆ లాటు పుట్టుక అక్కడితో పోయినట్లే. సముద్రతీరపు చెరువులకు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేని చెరువు సరకును పక్కవారి నంబరు మీద పంపడం తాత్కాలికంగా సులువే. తనిఖీ వస్తే చిక్కేది ఇద్దరూ.

పట్టుబడి చీటీపై రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, కౌంటు, తూకం వేయించుకోవాలి. సీడు, మేత బిల్లులతోపాటు ఏరియేటర్ల కరెంటు బిల్లులు, డీజిలు చీటీలు కూడా దాచుకోవడం మంచిది. ఏనాటికైనా రొయ్యకు కర్బనం లెక్క అడిగితే మొదట తీయవలసినవి అవే.