ఉద్యానవనంలో పేరులేని గుండు

వేపచెట్టుకు పేరుపలక ఉన్నది. కానుగకు ఉన్నది. మొన్న మొన్న తెచ్చి నాటిన, ఇంకా మోకాలెత్తు దాటని పొగడ మొక్కకు సైతం రేకుమీద తెల్లని అక్షరాలతో పేరు వ్రాసి కట్టినారు. హైదరాబాదు నగరంలో మా పేటలోని ఒక చిన్న ఉద్యానవనం సంగతి చెబుతున్నాను. కిందటి వానకాలానికి ముందు మా కళాశాలలోని జాతీయ సేవాపథకం విద్యార్థులు, సమీపంలోని ప్రభుత్వ పాఠశాల పిల్లలను అచ్చటికి తీసుకొనిపోయి చెట్లను పరిచయం చేయదలచినారు. వృక్షశాస్త్రం చెప్పే మిత్రునికి ఆనాడు తీరిక లేక, తెలుగు చెప్పుకొని బ్రతికే నన్ను వెంటబెట్టుకొని పోయినారు. చెట్ల పేర్లకు వ్యుత్పత్తులు చెప్పి పూట గడుపవచ్చునని నేనూ సరేనన్నాను.

ఎనిమిదవ తరగతి బాలుడొకడు పలకలన్నీ వరుసగా చదువుకొంటూ వచ్చి, తోట నడుమనున్న ఏనుగంత గుండు దగ్గర ఆగిపోయినాడు. దాని చుట్టూ ఒకమారు తిరిగి వచ్చి, "సార్, దీనికి పేరు లేదా?" అన్నాడు.

"గ్రానైటు రాయి నాయనా" అన్నాను.

"ఎప్పటిది సార్?"

"చాలా పాతది" అన్నాను.

ముప్పది ఏండ్లుగా పాఠాలు చెబుతున్నవాడు "చాలా" అన్నాడంటే తెలియదని అర్థం. ఆ సంగతి పిల్లలకు మనకంటె బాగా తెలుసును. వాడు మారుమాటాడక తరువాతి చెట్టు దగ్గరికి పోయినాడు. మరునాడు నేను భూవిజ్ఞానశాస్త్రం చెప్పే మిత్రుని గది తలుపు తట్టినాను.

మన నగరం అడుగున పరచుకొని ఉన్న గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలట. ఇంత సంఖ్యను పిల్లల ముందు పడవేసి ఊరుకొంటే, అదీ "చాలా" అన్న మాటకు పర్యాయపదమే అవుతుంది. అందుచేత రెండవసారి పోయినప్పుడు లెక్కను మార్చి చెప్పినాను. ఒక సంవత్సరాన్ని ఒక సెకండు అనుకొనండి. అప్పుడు ఎనిమిదవ తరగతి బాలుని వయస్సు పదమూడు సెకండ్లు. ఇబ్రహీం కుతుబ్ షా కాలాన 1562లో వెలసిన హుస్సేన్ సాగరానికి ఎనిమిది నిమిషాలు ఇంకా నిండలేదు. వికారాబాదు వైపు కనబడే నల్లని లావారాళ్లు రెండేండ్ల పసిబిడ్డలు. ఈ గుండుకు మాత్రం డెబ్బది తొమ్మిది ఏండ్లు. పిల్లలు ఒకమారు గుండు వైపు, ఒకమారు నా నెరసిన తల వైపు చూచినారు. నాకింకా అంత వయస్సు రాలేదని మనవి చేసుకోవలసి వచ్చినది.

ఈ రాయి పుట్టినది ఎండా వానా తగిలే ఈ చోట కాదు. భూమిలో కొన్ని మైళ్ల లోతున కరిగిన శిలాద్రవం మిక్కిలి నిదానంగా చల్లారి గడ్డకట్టినది. నిదానంగా చల్లారినందుననే దానిలోని రవ్వలు కంటికి ఆనేటంత పెద్దవిగా పెరిగినవి. పలుగురాయి తెల్లగా గాజుపెంకువలె, ఫెల్డ్‌స్పారు గులాబిరంగులో, నడుమ నల్లని అభ్రకపు తునకలు. గుండును దగ్గరగా చూచిన పిల్లలు ఈ మూడింటినీ ఒక్క నిమిషంలో వేరు చేసి చూపినారు. పైనున్న నేల కోట్ల సంవత్సరాలలో అరిగి కొట్టుకొనిపోగా, ఇన్నాళ్లూ అదిమిపెట్టిన బరువు తొలగి రాయి నిలువునా అడ్డంగా బీటలు వారినది. ఆ బీటలలోనికి వాననీరు దిగినది. నీరు ఫెల్డ్‌స్పారును మెల్లమెల్లగా జిగటమన్నుగా మార్చివేస్తుంది. మూలలకు రెండు మూడు వైపుల నుండి నీరు తగులుతుంది గనుక మూలలు ముందు కుళ్లుతవి. దిమ్మె కాస్తా గుండు అవుతుంది. చుట్టూ కుళ్లిన భాగం మొరమై కొట్టుకొనిపోగా గట్టి గుండ్లు ఒకదానిపై ఒకటి మిగిలిపోతవి. ఎవరో ఎత్తి పేర్చినట్లుండే ఇట్టి గుండ్లను పల్లెలలో భీముని ఆటవస్తువులుగా చెప్పుకొనడం కద్దు. నిజానికి వాటిని ఎవరూ ఎత్తలేదు. నీరు చుట్టూ ఉన్నదానిని తీసివేసినది, అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉద్యానవనాలలో నీటి పొదుపును గురించి గోడలమీద వ్రాయిస్తున్నారు; సంతోషమే. కాని రాయి సంగతి చెప్పకుండా నీటి సంగతి చెప్పడం, అక్షరాలు నేర్పకుండా పద్యం వల్లె వేయించడం వంటిది. బీటలేని గ్రానైటులో నూటికి ఒక వంతైనా నీటికి చోటు ఉండదు. మన నీరంతా దానిపైనున్న మొరంలోను, ఆ క్రింది బీటలలోను దాగి ఉన్నది. మొరం కొన్నిచోట్ల పది ఇరవై మీటర్ల మందాన ఉంటుంది. కొన్నిచోట్ల అసలే ఉండదు, పరుపుబండ పైకి తేలి ఉంటుంది. కొన్ని తావులలో గ్రానైటును చీల్చుకొని నల్లని డోలరైటు రాయి గోడవలె నిలిచి నేల లోపలి నీటికి ఆనకట్ట అవుతుంది. అట్టి గోడకు ఒక వైపు బావిలో నీరుండి రెండవ వైపు బావి ఎండి ఉండవచ్చును. ఊరివారు దానిని అదృష్టమంటారు.

మన భాషకు ఇదంతా ఎన్నడో తెలుసును. బావి త్రవ్వేవారు "నీరు పడింది" అనడమే గాక "జల పడింది" అంటారు. జల అంటే వారి వాడుకలో నీటి ఊట, రాతిబీట నుండి వచ్చే ధార. నేల చెమర్చి కారితే జాలు, ఇసుకలో చేతితో తోడుకొంటే చెలమ, బండమీది పల్లంలో నిలిస్తే దొన. ఒక్క నీటికి నేలను బట్టి ఇన్ని పేర్లు! ఇవన్నీ నిఘంటువులలో భద్రంగా ఉన్నవి. మా తరగతిలో అడిగితే నలువదిమందిలో ఇద్దరు చెలమ అంటే చెప్పగలిగినారు. ఇద్దరూ పల్లె పిల్లలే.

భాషలోనే కాదు, శాసనాలలోనూ ఉన్నది. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును 1369లో బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు కట్టించినాడు. రోజుకు వేయిమంది కూలీలు, కట్టకు రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేండ్ల పని. ఆ చెరువు శాసనం, మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావలెనని లెక్కపెట్టినది. ధర్మాత్ముడైన ప్రభువు, నీటిశాస్త్రం తెలిసిన పండితుడు మాత్రమే చాలరు. గట్టినేల కావలె, చెరువును ఒరసి కొండ ఉండవలె, కట్టకు దిట్టమైన రాయి కావలె, పొడవైన చక్కని రాళ్లు దొరికే గని దగ్గరలో ఉండవలె. పన్నెండింటిలో ఇన్ని రాతికీ నేలకూ సంబంధించినవే! అంతకు ఎంతో పూర్వం ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలాన్ని కనిపెట్టే విధానానికి ఒక అధ్యాయమే కేటాయించి, చెట్లను, పుట్టలను, మన్ను రంగును, రాతి గుణాన్ని ఆనవాళ్లుగా చెప్పినాడు. అందులో ప్రతిదీ నేటి పరీక్షకు నిలుస్తుందని నేననను. అడుగున ఏమున్నదో చూచి మరీ త్రవ్వవలెనన్న బుద్ధి మాత్రం నిలుస్తుంది.

ఆ బుద్ధి మా ఉద్యానవనంలో లోపించినది. మూడేండ్ల క్రిందట అచ్చట ఒక ఇంకుడుగుంట త్రవ్వించినారు. ద్వారం పక్కనే, వచ్చేవారందరి కంటపడేటట్లు. ద్వారం పక్కన రెండడుగుల లోతుననే పరుపుబండ ఉన్నది. బండను కొంత పగులగొట్టి, కంకర నింపి, పైన ప్రశస్తమైన పలక నిలిపినారు. వాన వచ్చినది, గుంట నిండినది, నిండినది నిండినట్లే నెలరోజులు ఉండి దోమలకు నిలయమైనది. పేటవారు విసిగి దానిని పూడ్పించినారు. ఇంకుడుగుంటలన్నీ బూటకమని నమ్మేవారు ఆనాటితో మా వీధిలో పదిమంది పెరిగినారు. తోట తూర్పు పక్కన, గుండ్ల దిగువను, చక్కని మొరం ఉన్నది. అచ్చట త్రవ్వితే నీరు ఇంకి ఉండేది. అచ్చటనేమో నడకదారికి సిమెంటు పలకలు పరచినారు.

పిల్లలకు దీనిని ఉపన్యాసంగా చెప్పలేదు. మూడు లోటాల నీరు తెప్పించినాను. మొదటి లోటా పరుపుబండమీద పోయించినాను. నీరు జరజర పారిపోయినది. రెండవది సిమెంటు పలకలమీద. అదీ పరుగే, కాలువ కనబడగానే దానిలో దూకినది. మూడవది కానుగచెట్టు క్రింద, ఆకులు రాలి మెత్తపడిన మొరంమీద. కొంచెం సేపు తటపటాయించి లోనికి పోయినది. ఒక బాలిక ఆకులను తొలగించి మరొక లోటా పోసి చూడవలెనన్నది. పోసినాము. ఈమారు కొంత నీరు మన్ను పట్టుకొని పారినది. తోటమాలి రోజూ ఊడ్చి తగులబెట్టే ఆకుల విలువ ఆ పిల్ల కనిపెట్టినది. నాకు ఆ ఆలోచన రానే లేదు.

తరువాత లెక్క. చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సరిగా ఒక లీటరు నీరు. ఎకరానికి 4047 చదరపు మీటర్లు. మన నగరంలో ఏడాది వాన సగటున 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే ఎకరంమీద కురిసేది 32 లక్షల లీటర్లు. మా తోట రెండెకరాలు. ఇట్టి రాతినేలలో సహజంగా లోనికి ఇంకేది పదింట ఒక వంతు అనుకొన్నా ఆరు లక్షల లీటర్ల పైమాట. తక్కినదానిలో కొంత ఆవిరి, కొంత చెట్ల పాలు, మిగిలినది వీధి పాలు. నల్లబల్ల లేక నేలమీద సుద్దతో వేసిన ఈ లెక్కను నడకకు వచ్చిన పెద్దలు కూడ ఆగి చదివినారు. "మా బోరు ఎందుకెండినదో ఇందులో ఉన్నదా మాస్టారూ?" అని ఒకాయన అడిగినాడు. కొంత ఉన్నదండీ అన్నాను.

వీధి పాలైన నీరు ఊరకనే పోదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానకు ఈ నగరంలో ఎన్ని పేటలు మునిగినవో చూచినాము. ఆ పేటలవారే వేసవిలో ట్యాంకరుకోసం వీధిలో బిందెలు పెట్టుకొని నిలబడడమూ చూస్తున్నాము. మాసబ్ ట్యాంకు పేరులో చెరువు ఉన్నది, కంటికి కనబడదు. నల్లకుంటలో కుంట కోసం వెదికేవారు లేరు. అంబర్‌పేటలో బతుకమ్మకుంట పూడిపోయి చెత్తకుప్ప అయి ఉండగా, 2025లో దానిని మరల త్రవ్వినప్పుడు అడుగు నుండి నీరు ఊరి పైకి వచ్చినది. మనం పేరు తప్ప అన్నీ పూడ్చినా నేల క్రింది నీరు ఆ పల్లాన్ని మరచిపోలేదు.

రాళ్ల విషయంలోనూ ఇంత జరిగినది. కట్టడాలకోసం పేల్చివేసిన గుండ్లకు లెక్కలేదు. వాటిని కాపాడడానికి 1996లో ఒక సంఘం ఏర్పడి, పిల్లలనూ పెద్దలనూ రాళ్ల నడుమ నడిపించి పరిచయం చేస్తూ వచ్చినది. జూబిలీహిల్స్‌లో 1998లో జాతీయోద్యానంగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం 350 ఎకరాలకు పైబడి, ఈ కొండనేల ఒకప్పుడు ఎట్లుండేదో చూపుతున్నది. నెమళ్ల కోసం పోయేవారు ఒకమారు వాటి కాళ్ల క్రిందనున్న బండను, బండ బీటలో వేరు దించిన చెట్టును చూడవలెనని నా కోరిక. ఆ వేరు ఎచ్చటికి పోతున్నదో అచ్చటనే మన నీరు కూడ ఉన్నది.

పెద్ద ఉద్యానవనం లేని ఊరి ఉపాధ్యాయులు నిరాశపడనక్కరలేదు. బడి ఆవరణలో ఒక బండ, ఒక చెట్టు, ఒక లోటా ఉంటే చాలును. సుత్తి మాత్రం వద్దు. పిల్లలు మొదట అడిగేది అదే.

మా గుండుకు ఇప్పుడు పలక వచ్చినది. పిల్లలే అట్టమీద వ్రాసి ప్లాస్టిక్ కాగితం చుట్టి కట్టినారు. పేరు: గ్రానైటు. వయస్సు: 250 కోట్ల ఏండ్లు. చేసినది: నిప్పు, నీరు. దానిక్రింద ఒక బాణం గుర్తు వేసి, "ఇటు మొరం ఉన్నది, ఇంకుడుగుంట ఇక్కడ త్రవ్వండి" అని వ్రాసినారు. అధికారులకు ఈ సంగతి అర్జీగా కూడ ఇచ్చినాము. ఈలోగా పెద్దవాన ఒకటి కురిసినది. మరునాటి ఉదయం మొదట ప్రశ్న వేసిన బాలుడు వచ్చి, గుండుమీది దొనలో నిలిచిన నీటి అంచున సుద్దతో గీత గీసి, ప్రక్కన తేదీ వేసినాడు. వచ్చే ఆదివారం మళ్లీ గీస్తాడట.