సర్వరుకు పవర్ సప్లయ్ మార్పిడి.. తొందరపడితే ముప్పే

కళాశాల పరీక్షల విభాగం, ఆసుపత్రి, సహకార బ్యాంకు.. ఎక్కడైనా వివరాలన్నీ ఓ మూల గదిలో, ర్యాక్‌లో బిగించిన సర్వరులోనే ఉంటున్నాయి. అందులో తరచూ దెబ్బతినే భాగాల్లో పవర్ సప్లయ్ యూనిట్ ఒకటి. 230 వోల్టుల విద్యుత్తును 12 వోల్టుల డీసీగా మార్చి మదర్‌బోర్డుకు అందించడం దాని పని. దుమ్ము, వేడి దానికి శత్రువులు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే లోపలి కెపాసిటర్ల ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని ఇంజినీర్ల లెక్క. ఏసీ లేని గదుల్లో మే నెల ఎండలకు వాటి పరిస్థితి చెప్పనక్కర లేదు.

ఒకటి పోయినా తెలియదు

చాలా సర్వర్లలో రెండు యూనిట్లు ఉంటాయి. ఒకటి పాడైతే రెండోది మొత్తం భారాన్ని మోస్తుంది. పని ఆగదు కనుక వెనుకవైపు వెలిగే నారింజ రంగు దీపాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండోదీ మొరాయించాకే అసలు విషయం బయటపడుతుంది. రెండు తీగలనూ ఒకే యూపీఎస్‌కు కలపడం మరో పొరపాటు. ఆ యూపీఎస్ ఆగితే రెండు యూనిట్లున్నా ఫలితం సున్నా. సామర్థ్యమూ సరిచూసుకోవాలి. చెరి 500 వాట్ల యూనిట్లున్న సర్వరు 600 వాట్లు వాడుతుంటే, ఒకటి తీసిన వెంటనే రెండోది భారం తట్టుకోలేక సర్వరే ఆగిపోతుంది.

మార్చేది ఇలా

ముందుగా బ్యాకప్ తీసుకోవాలి. పాడైన యూనిట్ ఏదో దీపం రంగును బట్టే కాక సర్వరు లాగ్‌లోనూ నిర్ధారించుకోవాలి. మంచిదాన్ని లాగేస్తే అంతటితో సరి! కొత్త యూనిట్ పార్ట్ నంబరు, వాట్లు పాతదానితో సరిపోవాలి. పాతదాని తీగ తీసి, మీట నొక్కి, పిడి పట్టుకుని నిదానంగా బయటకు లాగాలి. గాలి ప్రసరణ దెబ్బతింటుంది కనుక ఆ అరను ఎక్కువసేపు ఖాళీగా ఉంచరాదు. కొత్తదాన్ని 'టక్' మనేవరకూ లోపలికి నెట్టి, తీగ కలిపితే కాసేపటికి పచ్చ దీపం వెలుగుతుంది.

యూనిట్లు చేరే లోపలి బోర్డు పాడైతే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. సర్వరును పూర్తిగా ఆపి, రెండు తీగలూ తీసి, దీపాలన్నీ ఆరాకే మూత తెరవాలి. ర్యాక్ ముందుకు ఒరగకుండా ఒక్కసారికి ఒక్క సర్వరునే బయటకు లాగాలి. చేతికి యాంటీస్టాటిక్ పట్టీ తప్పనిసరి. విడి భాగాలతో కూర్చిన సర్వర్లలో పాత కేబుళ్లను కొత్త యూనిట్‌కు తగిలించడం ప్రమాదకరం. ప్లగ్గు ఒకేలా కనిపించినా పిన్నుల అమరిక కంపెనీకో తీరుగా ఉంటుంది. డిస్కులు కాలిపోవచ్చు.

యూనిట్‌ను విప్పవద్దు

ఫ్యాన్ ఒక్కటి మారిస్తే చాలునని కొందరు యూనిట్‌నే విప్పుతుంటారు. కొన్ని వందలు మిగులుతాయన్న ఆశ! లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టుల దాకా విద్యుత్తు నిల్వ ఉంటుంది. తీగ తీసేసిన తర్వాతా అది కొంతసేపు నిలిచి ఉండి ప్రాణాలకే ముప్పు తేగలదు. అది శిక్షణ పొందిన నిపుణుల పని.

మార్పిడి పూర్తయ్యాక, కార్యాలయ వేళలు ముగిసిన తర్వాత పాత యూనిట్ తీగను ఒకసారి తీసి, కొత్తది ఒక్కటే సర్వరును నడపగలుగుతోందో లేదో పరీక్షించి చూడాలి.