పాల్ స్ట్రాండు చూచిన దీవి

రేడియోలో విన్న పాట ఒక ఛాయాగ్రాహకుని దూరపు దీవికి నడిపించినదని చెప్పుట మాకు కించిత్తు గర్వకారణమే. అమెరికనుడైన పాల్ స్ట్రాండు (1890–1976) గేలిక్ పాటల కార్యక్రమ మొకటి విని, 1954లో స్కాట్లండు పడమటి తీరమునకు ఆవలనున్న సౌత్ ఉయిస్టు దీవికి పోయి మూడు నెలలు గడపెను.

1916లో న్యూయార్కు వీధులలో ఈయనయే కెమేరా ప్రక్కకు బూటకపు కటకము నమర్చి, వేరొకవైపు చూచుచున్నట్లు నటించి, బాటసారులకు తెలియకుండ వారి ముఖములను పట్టినవాడు. దీవిలో ఆ తంత్రమును విడిచెను. పెద్ద కెమేరాను బాహాటముగా నిలిపి, ఎదుటివారు ఎరిగియుండగనే చిత్రము తీసెను. వారు తమ యింటి తలుపుకడనో, వెలిసిన గోడముందరనో నిలిచి మనవంక సూటిగా చూతురు. చిరునవ్వులు అరుదు. గోడను కోసిన గాలియే ఆ చెక్కిళ్లనూ కోసినదని చూడగనే తెలియును.

ఆ చిత్రముల గ్రంథము 1962లో వెలువడినది. దానికి ఇసుకనేలను వేళ్లతో పట్టి నిలుపు ఒక తీరపు గడ్డి పేరు పెట్టిరి. ముఖముల నడుమ బండలు, సముద్రపు నాచు, గుర్రములు, మబ్బులు వచ్చుచుండును. ప్రకృతి యనగా కనులకు విందు మాత్రమే యనుకొనువారికి ఇవి వెలవెలబోయినట్లు తోచునేమో, మాకు తోచలేదు.

స్ట్రాండు వచ్చిన మరుసటి యేడు, 1955లో, అచట క్షిపణి ప్రయోగక్షేత్రమును నెలకొల్పుదుమని ప్రభుత్వము ప్రకటించెను. దీవివారు పలువురు ఎదిరించిరి. అయినను గ్రంథము అచ్చయినది మొదలుకొని కాదు, అంతకు మునుపే, ఆ తీరమునుండి రాకెట్లు సముద్రముమీదికి పోవుచుండెను.